చీకటిగదిలో చిన్న రవ్వ



నా మాట మీకు వినవచ్చుచున్నది. నాకును మీకును నడుమ తీగ లేదు, త్రాడు లేదు. విద్యుత్తరంగములు ఆ మాటను మోసికొని వచ్చుచున్నవని చెప్పుదుము. కంటికి కనబడని వస్తువు కలదనుటకు సాక్ష్యమేమని మీరడుగవచ్చును. తగవులు తీర్చు పెద్దలు అట్లడుగుట సహజము, న్యాయమును. ఆ సాక్ష్యము మొట్టమొదట ఎట్లు లభించెనో నేడు విన్నవించెదను.

స్కాట్లాండు దేశీయుడగు జేమ్సు క్లార్కు మాక్స్‌వెల్ 1865లో ఒక వ్యాసమును ప్రకటించెను. విద్యుచ్ఛక్తియు అయస్కాంతశక్తియు కూడి అలలవలె వ్యాపించుననియు, వాని వేగము వెలుతురు వేగముతో సమానమనియు, వెలుతురుగూడ అట్టి అలయేననియు ఆయన గణితముచే తేల్చెను. కాని ఆ అలలను తాను పుట్టించి చూపలేదు, 1879లో మరణించెను. దస్తావేజులో వ్రాసిన పొలము వేరు, గొలుసుపట్టి కొలిచిన పొలము వేరు గదా! ఇచట గొలుసు పట్టినవాడు హైన్రిచ్ హెర్ట్జ్.

జర్మనీ దేశమున కార్ల్స్‌రూహె పట్టణములోని సాంకేతిక విద్యాలయమున ఆయన ఆచార్యుడు. 1886 మొదలు 1888 వరకు అచట ఈ పరీక్షలు జరిగెను. రెండు లోహపు కడ్డీలను ఎదురెదురుగా నిలిపి, నడుమ స్వల్పమగు సందు విడిచి, బలమైన విద్యుత్తును పంపగా ఆ సందున రవ్వలు దాటెను. కొంత దూరమున ఒక తీగను వలయముగా వంచి, దాని కొనలు తాకీ తాకకుండునట్లుంచెను. ఈ వలయమును ఆ కడ్డీలతో కలుపు తీగ ఏదియు లేదు. అయినను కడ్డీలనడుమ రవ్వలు దాటుచుండగా వలయపు కొనలయందును రవ్వ మెరసెను. అది మిక్కిలి సూక్ష్మమైనది. గదిని చీకటిచేసినగాని చక్కగా కనబడదు.

రవ్వ కనబడినంత మాత్రమున అల యున్నదని ఆయన తీర్పు చెప్పలేదు. చెరువుగట్టునకు తగిలి మరలిన అల ఎదురువచ్చు అలతో కలిసినపుడు, కొన్నిచోట్ల నీరు మిక్కిలి ఎగయును, కొన్నిచోట్ల కదలక నిలుచును. విద్యుత్తు అలయై వ్యాపించునేని ఇచటను అట్లే జరుగవలెను. హెర్ట్జ్ 4 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు గల తుత్తునాగపు రేకును గోడకు బిగించి, దాని యెదుట చోటుచోటున వలయమునుంచి పరీక్షించెను. ఒకచోట రవ్వ ప్రబలెను, ఒకచోట అణగెను, మరల ప్రబలెను. పిమ్మట వంపుగల రేకులను అద్దములవలె నిలిపి అలలను మరలించెను. గట్టి తారుతో పెద్ద పట్టకమును చేసి, దానిగుండ అలలను వంచెను. కొయ్య తలుపును అవి దాటిపోయెను. లోహపు రేకును దాటలేదు. ఇన్ని సాక్ష్యములు ఏకమైన పిదప, ఇవి వెలుతురు జాతి అలలే యని ఆయన ప్రకటించెను.

ఇక నన్ను మిక్కిలి ఆకర్షించిన సంగతి చెప్పెదను. తీగవెంట పోవు అల వేగమును, గాలిలో పోవు అల వేగమును ఆయన పరీక్షలో భిన్నములుగా తోచెను. మాక్స్‌వెల్ సిద్ధాంతము ప్రకారము అవి సమానము కావలెను. హెర్ట్జ్ తనకు తోచినదానిని దాచక ప్రకటించెను. వేగమును గణించిన లెక్కలో ఆయన పొరపాటును ఫ్రెంచి గణితవేత్త పొయాంకరే చూపెను. 1892లో తన వ్యాసములను గ్రంథముగా కూర్చునపుడు హెర్ట్జ్ పీఠికలో ఆ సంగతిని తానే వ్రాసి యొప్పుకొనెను. 1893లో జెనీవాయందు సారాసిన్, డి లా రీవ్ అను పండితులు విశాలమగు మందిరమున ఆ అలలను మరల కొలిచి, రెండు వేగములును సమానమేయని తేల్చిరి.

1894 జనవరి 1వ తేదీన, 36 ఏండ్ల వయస్సున, హెర్ట్జ్ మరణించెను. 1895లో కలకత్తాయందు జగదీశచంద్ర బోసు ఈ జాతి అలలచేతనే గోడల కావల గంట మ్రోగించినది ఆయన ఎరుగడు. 1901లో మార్కోని అట్లాంటికు మహాసముద్రమునకు ఆవలినుండి సంకేతము నందుకొనినదియు ఎరుగడు. నేడు రేడియో కేంద్రములు తమ అలల లెక్కను కిలోహెర్ట్జులనియు మెగాహెర్ట్జులనియు చెప్పుకొనుట ఆయన పేరు మీదనే.

చూచినది చూచినట్లు చెప్పి, పొరబడినచోట పొరబడితినని యొప్పుకొను సాక్షి మాటను సభ నమ్మును. అంతటితో నిలువక, కావలసినవారు మరల కొలిచి చూచుకొనుటకును వీలుండవలెను. కనబడని అలలను మనము నమ్ముట ఈ రెండింటి బలముచేతనే.