నియంత్రణ కవాటము – ఊరి కుళాయి



మనము సమావేశమైన ఈ బీరంగూడకు ఒక ప్రక్క రామచంద్రాపురములో ఆవిరి టర్బైన్లు తయారుచేయు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము, మరియొక ప్రక్క పటాన్‌చెరు పారిశ్రామికవాడ కలవు. ఇట్టి పరిశ్రమలలో రేయింబవళ్లు ఆవిరిని, నీటిని కావలసినంత మాత్రమే వదలుచుండు సాధనము కంట్రోలు వాల్వు, అనగా నియంత్రణ కవాటము. మన ఊరి నీటి తగవులు తీర్చు ఉపాయము దానియందు కలదు గనుక నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఇది మనకు పూర్తిగా క్రొత్త విద్య కాదు. చెరువు తూమువద్ద నీరటి చేయు పని చూడుడు. మడి తడిసినదో లేదో చూచును. ఎంత నీరు కావలెనో నిర్ణయించును. పిదప తూము తెరచును. కర్మాగారములో అతని కన్నునకు బదులు వేడిమిని, ఒత్తిడిని కొలుచు సాధనము, బుద్ధికి బదులు నియంత్రకము, చేతికి బదులు కవాటము పనిచేయును. కొలత లేనిచో కవాటము గ్రుడ్డివాని చేయి వంటిది.

పెక్కు కవాటములను గాలి ఒత్తిడి కదల్చును. గాలి ఒక పొరను త్రోయగా స్ప్రింగు ఎదురు త్రోయును. ఆకస్మికముగా గాలి నిలిచినచో, ఆవిరి కవాటమును స్ప్రింగు మూసివేయును. చల్లనీటి కవాటమును తెరచును. ఆపద వేళ ఏది మూయవలెనో, ఏది తెరవవలెనో ముందే నిశ్చయించి అట్లు అమర్తురు.

ఈ విద్యకు ఊరి నీటితోనే సంబంధము కలదు. అమెరికాలోని మార్షల్‌టౌనులో ఒక అగ్నిప్రమాద సమయమున నీటి ఒత్తిడి తగ్గకుండ పంపులను గంటలకొలది చేతితో సవరించిన విలియం ఫిషర్, ఆ ఒత్తిడిని తనంత తానే నిలుపు సాధనమును 1880లో నిర్మించెను.

ఇక మన సంగతి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము గ్రామమున తలకు రోజుకు 100 లీటర్ల నీటిని లక్ష్యముగా పెట్టుకొనినది. కాని ట్యాంకు చెంత వీధిలో నీరు పొర్లిపోవుచుండగా మిట్టమీది వాడకు చుక్క రాని ఊళ్లు మేమెరుగుదుము. ఒక ఊరిలో వాల్వు త్రిప్పు చెవి పలుకుబడి గలవారి ఇంటనే యుండెడిది. అచ్చట లోపము నీటిలో లేదు, కొలతలో కలదు.

కావున మీరు చేయవలసినది ఇది. మొదటి కుళాయివద్ద, చివరి కుళాయివద్ద ఒకే బిందె నిండుటకు ఎన్ని నిమిషములు పట్టునో వారమునకొకసారి చూచి పుస్తకమున వ్రాయుడు. ఆ లెక్కనుబట్టి వీధి వాల్వులను, వదలు వేళలను సవరింపుడు. వాల్వును నిదానముగా త్రిప్పింపుడు. తటాలున మూసినచో నీటి దెబ్బకు గొట్టము పగులును. సగము తెరచి ఉంచుటకు గేటు వాల్వు తగదు, అది త్వరగా అరిగిపోవును. వాల్వు గుంటలో మురుగు నిలువనీయకుడు. సరఫరా ఆగినపుడు ఆ మురుగు సందులగుండ గొట్టములోనికి చేరి రోగములు తెచ్చును.

చెవి పంచాయతీ అధీనమున ఉండవలెను. పుస్తకము అందరి ఎదుట ఉండవలెను. చివరి వాడ బిందెను కొలిచిననాడే మన కవాటమునకు కన్ను వచ్చును. ఈ వారమే ఆ కొలత మొదలుపెట్టుడని ప్రార్థించుచున్నాము.