నీటిచుక్కలో నక్షత్రం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కానుకగా బడికి ముఖద్వారం కట్టిద్దామని, దానికి సిరామిక్ శిల్పాలు నన్ను చేయమని సంఘం అడిగింది. హంసలో, కలశాలో చేస్తాననుకున్నారు. నా మట్టి నమూనా చూసి "ఇదేంట్రా, సైకిలు చక్రమా?" అన్నాడు మా బ్యాచ్ వాడొకడు. అది మన సముద్రంలోదేరా నాయనా!

మన బీచ్‌లో చెంబుడు నీళ్లు ముంచితే అందులో కంటికి ఆనని డయాటమ్‌లు ఉంటాయి. ఒంటికణం జీవులు. 1950లలో అమెరికా నుంచి లాఫాండ్ అనే శాస్త్రజ్ఞుడు ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, అడుగునీరు పైకి రావడాన్ని మన తీరంలో పరిశీలించాడు. ఆ నీటితో పోషకాలు పైకొస్తే డయాటమ్‌లు విపరీతంగా పెరుగుతాయి. వాల్తేరు దగ్గర ఆస్టీరియోనెల్లా అనేది పెరిగి సముద్రం రంగే మారిందని 1969లో ఒక శాస్త్ర పత్రికలో వచ్చింది. సూక్ష్మదర్శిని కింద అది నక్షత్రమే. సన్నటి పుల్లలు మొదళ్ల దగ్గర అతుక్కుని విచ్చుకుంటాయి.

ద్వారానికి ఇలాంటి రూపాలేమిటని అడిగేవారికి ఒక మాట. 1900 పారిస్ ప్రదర్శన ప్రధాన ద్వారాన్ని రెనె బినె కట్టింది, హేకెల్ గీసిన రేడియోలేరియా బొమ్మలు చూసే.

డయాటమ్ పెంకు సిలికా. మా గ్లేజులో గాజయ్యేదీ సిలికాయే. ఉప్పునీళ్లలో, మంట లేకుండా అది చేసుకునే పనికి నాకు 1200 డిగ్రీలు కావాలి. (ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మిత్రులు నవ్వుతున్నారు. వాళ్లకిది చలిమంట.) కష్టమంతా మంటకు ముందే. ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. సన్నటి కొసలు ముందు ఆరి, లావు మొదలు పచ్చిగా ఉంటే అతుకు దగ్గర చీలుతుంది. కొసలకు తడిగుడ్డ, పైన పాలిథిన్ కప్పి రోజుల తరబడి ఆరబెట్టాలి. మన సముద్రపు గాలి ఒక పక్కనే తగిలినా ప్రమాదమే.

గుర్తుగా ఉంటుంది, బీచ్ ఇసుక కలపమన్నారొకరు. వద్దు. అందులో గవ్వల ముక్కలుంటాయి. కాలితే సున్నమై, తర్వాత తేమ పీల్చి ఉబ్బి పెచ్చులూడదీస్తాయి.

ఇక అసలు సంగతి. మన బడి ల్యాబులో పనిచేసే సూక్ష్మదర్శిని ఈరోజు ఒక్కటీ లేదు. ఈ గుంటలు రోజూ సముద్రం చూస్తారు, అందులో ఏముందో చూడలేదు. ద్వారం రెండడుగులు తగ్గించండి. నా మజూరీ వదులుకుంటాను. ఆ డబ్బుతో నాలుగు సూక్ష్మదర్శినులు కొనండి. పిల్లలు చూసి గీసినవే పలకల మీద చేస్తాను, వాళ్ల చేతే చేయిస్తాను. దీనికి ఒప్పుకుంటేనే మట్టి తడుపుతాను.

లెక్క కాగితం కోశాధికారి గారి చేతికిచ్చాను. వానలు పడితే పలకలు ఓ పట్టాన ఆరవు. ఆలోపు కబురు చెప్పండి.