సభ్యుల చిట్టా - సులువైన కంప్యూటర్ పద్ధతి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చేవెళ్ల, మొయినాబాద్ సభ్యులమంతా ఒకచోట కూడిన ఈ సమయాన లెక్కల సంగతి ఒకటి మనవి చేయదలచాము. విసుగు విషయమని అనుకోకండి. మన పిల్లల స్కాలర్‌షిప్పులు, వితంతువుల సాయం ఇందులోనే ఉన్నయి.

కిందటేడు జరిగిన పొరపాటు ముందుగా ఒప్పుకుంటున్నాము. తప్పు మనదే. ఒక ఇంటికి సాయం రెండుసార్లు పోయింది. ఇంకో ఊళ్ళో ఒక వితంతువుకు అసలే అందలేదు. ఎందుకని చూస్తే, మొదటి ఇంటాయన పేరు ఒక రిజిస్టర్‌లో 'మహమ్మద్' అనీ, మరొక దాంట్లో 'ఎం.డి.' అనీ ఉంది. ఒక్క మనిషిని ఇద్దరనుకున్నాము. ఆ వితంతువు పేరే గల మరొకామెకు డబ్బిచ్చి, ఇద్దరూ ఒకరేనని టిక్కు పెట్టేశాము. ఊరు పేరుతోనూ ఇదే చిక్కు. హిమాయత్‌నగర్ అంటే మన మొయినాబాద్ మండలంలో ఒకటుంది, పట్నంలో ఒకటుంది.

"మంచి సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుంది గదా" అన్నరు మన యువకులు. చిట్టా సరిగా లేకుంటే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా తప్పునే త్వరగా చేసి పెడుతుంది. 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని ప్రతిపాదించారు. ఆ దారిలో స్థిరపడిన నియమం సులువైనదే: ఒక విషయం ఒక్కచోటనే రాయాలి. కాబట్టి ప్రతి కుటుంబానికి ఒక నంబరు, ప్రతి మనిషికి ఒక నంబరు ఇద్దాము. ఇచ్చిన సాయం వేరే పట్టికలో ఆ నంబరు మీదనే ఎక్కాలి, పేరు మీద కాదు.

ఇక ఏది ఎంచుకోవాలి? ఎక్సెల్ అందరికీ తెలిసిందే, కాని జాగ్రత్త అవసరం. ఒక్క వరుసను మాత్రమే అక్షరక్రమంలో పెడితే ఒకరి పేరు ఎదుట మరొకరి ఖాతా వచ్చి కూర్చుంటుంది. ఖాతా నంబరును అంకెగా కొడితే ముందున్న సున్నాలు పోతయి; పదిహేను అంకెలు దాటితే ఆపైవి సున్నాలైపోతయి. ఆ గడిని ముందే 'టెక్స్ట్' అని పెట్టాలి. 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ పట్టికలను చక్కగా కలుపుతుంది, కాని విండోస్ కంప్యూటర్ కావాలి. లిబ్రేఆఫీస్ బేస్ ఉచితం, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఫోనులో ఫారం నింపితే పట్టికలో చేరే ఆన్‌లైన్ పద్ధతులున్నయి. మన ఆడపిల్లలు ఇంటింటికీ పోయి నింపడానికి అవే అనువు.

ఏదైనా సరే, కొనే ముందు నాలుగు పరీక్షలు పెట్టండి. తెలుగు, ఉర్దూ పేర్లు సరిగా పడుతున్నాయా? కంప్యూటర్ రాని మన కోశాధికారి గంటలో ఒక కుటుంబాన్ని ఎక్కించగలడా? ఒకే నంబరు రెండుసార్లు కొడితే ఆపుతుందా? రేపు వద్దనుకుంటే మన సమాచారమంతా సాదా ఫైలుగా బయటికి తీసుకోగలమా? చివరిది చాలా ముఖ్యం. తీసుకోలేకపోతే మన చిట్టా మనది కానట్టే.

ఒక్క కుర్రవాడికే తెలిసిన పద్ధతి వద్దు. ఆ పిల్లవాడు ఉద్యోగానికి పోతే తాళంచెవి కూడా వానితోనే పోతుంది. ఊరికి ఇద్దరు నేర్చుకోవాలి. నెలకొకసారి ఒక కాపీ వేరుగా దాచి, ఒకటి కాగితం మీద తీయాలి. ఎవరికి ఎంత సాయం అందిందో పదిమంది ఫోన్లలో తిరగకూడదు. సాయం తీసుకున్న ఇంటి పరువు కూడా మన అమానతే.

మొదట చేవెళ్లలో ఇరవై, మొయినాబాద్‌లో ఇరవై కుటుంబాలతో మొదలుపెడదాము. పాత రిజిస్టర్లను పారేయకండి. ఒక ఏడాది రెండూ నడవనీయండి. వచ్చే సమావేశం నాటికి ఏ ఇల్లూ రెండుసార్లు లెక్కలోకి రాకూడదు, ఏ ఒక్క తల్లీ లెక్క తప్పిపోకూడదు. ఈ పని మీ అందరి చేతుల్లో పెట్టి సెలవు తీసుకుంటున్నాము.