చదివిన పుస్తకాల పద్దు

చదివిన పుస్తకాల పద్దుకు చిన్న నోటుపుస్తకం చాలు. విజయవాడలో ఏటా జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం జరుగుతుంది, సంచులు నిండుతాయి. కొన్నవన్నీ చదివినట్టు కాదు. అందుకే కొన్న తేదీ, ముగించిన తేదీ విడివిడిగా వేసుకోవాలి. ఆ రెంటి మధ్య ఎడమే పద్దులో అసలు సంగతి.

పేరు, రచయిత, ఎక్కడ దొరికింది అన్నవి ఒక్క వరుసలో సరిపోతాయి. అభిప్రాయం మాత్రం పుస్తకం మూసిన రోజే రెండు వాక్యాల్లో రాయాలి. నెల తిరిగితే కథ గుర్తుంటుంది గానీ, అది కలిగించిన ఇష్టమో చిరాకో చెదిరిపోతుంది. సగంలో వదిలేసినవీ ఎక్కించాలి, కారణంతో సహా. డిసెంబరులో తిరగేస్తే ఏడాదంతా నవలలతోనే గడిచిందా, కవిత్వం జోలికే పోలేదా అన్నది తేలుతుంది. ఎన్ని పుస్తకాలన్న అంకెకు విలువ తక్కువే: దాదాపు వెయ్యి పేజీల ‘వేయిపడగలు’ కూడా లెక్కలో ఒకటే, నలభై పేజీల కథల పుస్తకమూ ఒకటే.

అరువు పుస్తకాలకు పద్దు మరీ అవసరం. గ్రంథాలయం పుస్తకం గడువుకు తిరిగి వెళ్లిపోతుంది. పాఠకుడి దగ్గర మిగిలేది ఆ రెండు వాక్యాలే.