బిడ్డకు మాట, ముద్ద, చేతిపని
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని చదువును గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువును గురించే చెబుతాము. కాని బడి గేటు దగ్గర మొదలయ్యే చదువు కాదు. ముద్ద నమిలి మింగటం, మాట పలకటం, చేత్తో చెంచా పట్టుకోవటం, ఇవి ఆలస్యమైన బిడ్డలను గురించి. మేము వైద్యులం కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయినా ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నామంటే, ప్రతి జూన్ నెలలో అడ్మిషన్ల వేళకు ఇటువంటి బిడ్డ ఒకరో ఇద్దరో మా బల్ల ముందుకు వస్తూనే ఉన్నారు. అయిదేళ్లో ఆరేళ్లో నిండి ఉంటాయి. పేరు అడిగితే తల్లి చెబుతుంది. టిఫిన్ డబ్బాలో పాలలో నానబెట్టిన బిస్కట్లు ఉంటాయి. నమలటం రాదు, గుండీ పెట్టుకోవటం రాదు, బలపం చేతిలో నిలవదు. "ఇంతవరకు ఎక్కడైనా చూపించారా అమ్మా?" అంటే వచ్చే జవాబు ఒకటే. "వీడి అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడారంట సార్. దాదీ ఆగమన్నారు."

దాదీ మాట పూర్తిగా కొట్టివేయము. ఆలస్యంగా మాట్లాడి తరువాత తోటివారిని అందుకున్న పిల్లలు లేకపోలేదు. కాని మన బిడ్డ ఆ రకమా, లేక చెవి వినపడని బిడ్డా అన్నది ఎంత అనుభవమున్న కంటికైనా తెలియదు. మొదటి మూడేళ్లలో మెదడు పెరిగే వేగం మళ్లీ రాదు. ఆరేళ్లకు మొదలుపెట్టినా లాభం ఉన్నది, కాదనము. అయితే రెండేళ్లకు ఆటలో వచ్చేది ఆరేళ్లకు చాకిరీగా వస్తుంది, బిడ్డకూ తల్లికీ కూడా.

మరి ఎప్పుడు కదలాలి? ఏడాది నిండేసరికి బిడ్డ "బాబాబా, దాదాదా" అని నోరాడించాలి, వేలు పెట్టి చూపాలి, టాటా చెప్పాలి. పదహారు నెలలకు ఒక్క మాట అయినా రావాలి. రెండేళ్లకు "పానీ హోనా", "అమ్మీ ఆవ్" అని రెండు మాటలు కలపాలి. ఇవి లేకపోతే చూపించండి. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా సరే, ఆ వారమే బయలుదేరండి.

అన్నిటికంటె ముందు చెవి పరీక్ష. తలుపు చప్పుడుకు తిరిగాడు కాబట్టి చెవి బాగానే ఉన్నదనుకోవద్దు. పెద్ద చప్పుడు విని, మాటలోని సన్నని అక్షరాలు వినలేని పిల్లలు ఉంటారు. ఓఏఈ, బెరా అనే పరీక్షలు బిడ్డ నిద్రలో ఉండగానే చేస్తారు, నొప్పి ఉండదు. ఇక్కడ ఒక మాట. వినికిడి, వాక్కు లోపాలకు భారత ప్రభుత్వం నడిపే జాతీయ సంస్థ మన హైదరాబాదువారైన నవాబ్ అలీ యావర్ జంగ్‌గారి పేరు మీద ఉన్నది. ఉస్మానియాకు, అలీగఢ్‌కు వైస్ ఛాన్సలర్‌గా చేసిన మనిషి. ముఖ్య సంస్థ బొంబాయిలో, దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో ఉన్నాయి. ఆయన పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆయన పేరున ఉన్న గుమ్మం మాత్రం ఎక్కినవారు తక్కువ.

వస కొమ్ము అరగదీసి తేనెతో నాకిస్తే మాటలు వస్తాయని మన ఇళ్లలోనూ పక్కింటి హిందూ ఇళ్లలోనూ ఒకే నమ్మకం. వైద్యులు వద్దంటున్నారు. ఏడాది లోపు బిడ్డకైతే తేనె అసలే పెట్టరాదు. నాలుక కింది కట్టు కోయిస్తే చాలుననేవారు ఉన్నారు. ఆ కట్టు పాలు తాగటానికి అడ్డు రావచ్చు, కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. అసలు మాటే రాకపోవటానికి అది కారణం కావటం అరుదు. దుఆ చేయించండి, తావీజు కట్టించండి, ఎవరూ కాదనరు. కాని దుఆ ఒక చేత, దవా ఒక చేత అని పెద్దలు అన్నది ఊరికే కాదు.

మాకు బాగా బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉన్నది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, అందుకే పిల్లవాడికి మాట రాలేదని ఎవరో అంటారు. ఆ రోజు నుంచి తల్లి తనకు సరిగా రాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అని మూడు ముక్కలు మాట్లాడటం మొదలుపెడుతుంది. ఇళ్లలో రెండు భాషలుండటం వల్ల మాట ఆగిపోదు, ఇది పరిశోధకులు తేల్చిన విషయం. తల్లికి ఏ భాషలో లాలి వచ్చునో, కోపం వచ్చునో ఆ భాషే బిడ్డకు మందు. థెరపిస్టుకు ఉర్దూ రాకపోతే, ఇంట్లో వాడే ఇరవై మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి, వాటితోనే నేర్పమనండి.

ఇంట్లో చేయవలసింది పెద్దగా ఏమీ లేదు, కాని ఓపిక కావాలి. చుట్టం వచ్చాడని "చెప్పు బేటా, పేరు చెప్పు" అని బిడ్డను బోనులో నిలబెట్టకండి. మీరే మాట్లాడండి. బిడ్డ "పానీ" అంటే మీరు "ఠండా పానీ" అనండి, ఒక్క మెట్టు పైన. అడగకముందే అన్నీ అందించే ఇంట్లో బిడ్డకు నోరు విప్పే అవసరం రాదు. గ్లాసు కనిపించేటట్టు, అందనట్టు పెట్టి, మనసులో పది లెక్కపెట్టండి. వేలు చూపినా, "ఆఁ" అన్నా అది మాటే, వెంటనే ఇచ్చేయండి. ఏడిపించటం కాదు సుమా. ఈల ఊదిస్తే, బుడగలు ఊదిస్తే మాట వస్తుందని కొందరు నెలల తరబడి అదే చేయిస్తారు. ఊదటం వేరు, పలకటం వేరు.

ఇక ముద్ద సంగతి. దీనిలో ప్రాణభయం ఉన్నది కనుక కొంచెం నిదానంగా చెబుతాము. మెడ నిలవని బిడ్డను, ముఖ్యంగా సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను, ఒళ్లో వెల్లకిలా వేసుకుని తల వెనక్కు వాల్చి పోసే అలవాటు మనలో ఉన్నది. అలా పోసింది అన్నవాహికలోకి కాక ఊపిరితిత్తులలోకి జారుతుంది. తినేటప్పుడు ప్రతిసారీ పొలమారుతున్నా, తిన్నాక గొంతు గురగురమన్నా, మాటిమాటికీ దగ్గు, జ్వరం, నిమ్ము వస్తున్నా, భోజనం అరగంట దాటుతున్నా, బరువు పెరగకపోయినా అది మొండితనం కాదు. మింగటంలో ఇబ్బంది. అది చూసేవారు స్పీచ్ థెరపిస్టులే, ఈ సంగతి చాలామందికి తెలియదు.

మనం దస్తర్‌ఖాన్ పరచి నేల మీద తింటాము. ఆ బిడ్డను గది మూలకు, రెండు గోడల మధ్య దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి. లేదా పాదాలు ఆనేటట్టు చిన్న కుర్చీ వేయండి. గడ్డం కొద్దిగా కిందికి ఉండాలి. చిన్న చెంచా, ఎదురుగా, నోటి ఎత్తున. ఒక ముద్ద మింగాకనే ఇంకొకటి. ముక్కు మూసి పోయటం, చేతులు పట్టి కుక్కటం మానండి. అలా చేస్తే బిడ్డ తిండిని చూస్తేనే భయపడతాడు. ఆరు నెలలకు మెత్తని తిండి మొదలుపెట్టి, తొమ్మిది పది నెలలకు చేత్తో మెదిపిన ఖిచిడీ, ఉడికిన ఆలుగడ్డ, అరటిపండు పలుకులు పలుకులుగా ఇవ్వాలి. రెండేళ్ల దాకా మిక్సీలో పట్టి పోస్తే తరువాత పలుకు తగిలితేనే కక్కుతారు. కాని పొలమారే బిడ్డకు ఏ రకం తిండి, ఎంత చిక్కగా అన్నది నిపుణులు చూసి చెప్పాలి, మేము చెప్పము.

ఆక్యుపేషనల్ థెరపీ అనగానే ఒక తండ్రి, "మూడేళ్లవాడికి ఉద్యోగమేమిటి సార్?" అన్నాడు. నవ్వకండి, పేరు అట్లానే ఉన్నది. బిడ్డకు తినటం, ఆడటం, చొక్కా తొడుక్కోవటమే ఉద్యోగాలు. వాటికి కావలసిన నడుము పట్టు, వేళ్ల పట్టు నేర్పే పని అది. గోధుమపిండి ముద్ద పిసకటం, బఠాణీలు ఒలవటం, చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేసి ఇవ్వటం, ఇవన్నీ అందులోవే. నడుము నిలవని బిడ్డ రెండు చేతులూ తనను ఆపుకోవటానికే సరిపోతాయి. చెంచా ఎప్పుడు పట్టుకుంటాడు? మూడు థెరపీలు మూడు గదులలో జరిగినా, ఇంట్లో అవి ఒక్క భోజనంలోనే కలుస్తాయి. రంజాన్ ఇఫ్తార్‌లో కూడా ఆ బిడ్డను వంటింట్లో విడిగా కాక అందరి మధ్య కూర్చోబెట్టండి. చూసి నేర్చేది ఎక్కువ.

ఎక్కడికి పోవాలి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టరు బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వస్తాయి. ఎదుగుదల ఆలస్యమైన బిడ్డలను జిల్లా ప్రారంభ చికిత్సా కేంద్రానికి పంపుతాయి, డబ్బు ఉండదు. కాని ఆ రోజున బిడ్డను ఇంట్లో దాస్తే ఎవరు చూస్తారు? "బయటపడితే పెద్దమ్మాయి సంబంధం తప్పిపోతుంది" అని దాచిన ఇళ్లు మాకు తెలుసు. బుద్ధి వికాసం సంగతి చూసే జాతీయ సంస్థ సికిందరాబాదులోనే 1984 నుంచి ఉన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల లోపాలను గుర్తించింది. వైకల్యం నలభై శాతానికి తగ్గనట్టు సర్టిఫికెట్టు ఉంటే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్టువారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉన్నది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది.

ఇంత ఉన్నా మధ్యలో మానేసేవారే ఎక్కువ. కారణం వైద్యం కాదు, ఆటో కిరాయి. వారానికి రెండుసార్లు బిడ్డను చంకన వేసుకుని బస్సులు మారి పోయేది తల్లి ఒక్కతే. తండ్రి దుకాణం మూయడు, అత్తగారు వంట సంగతి అడుగుతుంది, పైగా బిడ్డ అలా పుట్టటం తల్లి తప్పేనన్నట్టు మాటలు. మన సంఘం ఏటా నోటుపుస్తకాలు పంచుతున్నది, పెళ్లిళ్లకు సహాయం చేస్తున్నది. బాగున్నది. ఈ ఏడు ఆ పద్దులో కొంత తీసి అయిదుగురు బిడ్డలకు ఏడాది పొడుగునా ఆటో కిరాయి కట్టండని కార్యవర్గాన్ని అడుగుతున్నాము. జవాబు ఈ సభలోనే చెప్పాలని కూడా అడుగుతున్నాము.

సభ అయ్యాక మేము పక్క వరండాలో కూర్చుంటాము. బిడ్డను గురించి అడగదలచినవారు రండి. టీకాల కార్డు, పాత చీటీలు ఉంటే తీసుకురండి. జిల్లా కేంద్రానికి పోయే మొదటి రోజు తోడు కావలసినవారు పేరు రాయించండి. మా బడి టీచరమ్మలు ఇద్దరు వస్తామన్నారు.