కంప్యూటరుకూ ఒక నోటు ఫైలు
(భవానీపురంలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



‘ఓపెన్ సోర్స్’ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను ఇంజనీరును కాను, ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాను. కనుక ఫైళ్ళ భాషలోనే మనవి చేస్తాను.

ఆర్డరు చూస్తే ఏం నిర్ణయించారో తెలుస్తుంది. ఎందుకు, ఏ రూలు కింద అన్నది నోటు ఫైలులోనే ఉంటుంది. కంప్యూటరు ప్రోగ్రాముకూ అలాంటిదే సోర్సు కోడ్, అంటే మనిషి చదవగలిగే మూలపాఠం. చాలా కంపెనీలు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుని, మనకు ఆర్డరు కాపీ అమ్ముతాయి. ఓపెన్ సోర్సు వారు ఫైలంతా చేతికిచ్చి చదవండి, దిద్దండి, పంచండి అంటారు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ పని ప్రకటించారు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది అదే. స్టాల్‌మన్ గారి జి.పి.ఎల్. లైసెన్సులో ఒక షరతు నాకు బాగా నచ్చింది. దిద్ది ఇతరులకు ఇచ్చేవాడు ఆ దిద్దిన మూలాన్నీ ఇవ్వాలి. కరెక్షన్ స్లిప్పు దాచుకునే వీలు లేదన్నమాట!

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అంటే ఉచితమా, స్వేచ్ఛా అని తగవు. మనకు రెండు మాటలున్నాయి. 2005లో మొదలై, లినక్సును తెలుగులోకి తెచ్చిన మనవాళ్ళు ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు.

ఇదంతా మనకెందుకంటారా? నిరుడు మన సభ్యుడొకరు కాలం చేశారు. ఆయన భార్య పుట్టిన తేదీ పి.పి.ఓ.లో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. 1996లో ఆయన స్వయంగా ఇచ్చిన వివరం మన సభ్యుల జాబితాలో ఉంది. ఫ్లాపీలోంచి ఫైలు బయటికి తీశాం, తెరిస్తే పిచ్చిగీతలు! ఆ రోజుల్లో కొన్న తెలుగు సాఫ్ట్‌వేరులో అక్షరాలకు ఆ కంపెనీ తన సొంత నంబర్లు వేసుకుంది. కంపెనీ మూతపడింది, నంబర్ల గుట్టు దానితోనే పోయింది. చివరికి పాత బైండు పుస్తకంలో, చెదలు తినగా మిగిలిన కాగితం మీద తేదీ దొరికింది. ఆ అమ్మగారికి పెన్షను నాలుగు నెలలు ఆలస్యమైంది.

ఇప్పుడు యూనికోడ్ ఉంది. అందులో ‘అ’ అంటే 3077, బందరులోనైనా బోస్టన్‌లోనైనా. ఆ పద్ధతిలో తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి జి.పి.ఎల్. కిందే అందరికీ ఇచ్చారు. మన జాబితా మొత్తం లిబ్రేఆఫీసులో తిరిగి టైపు చేయిస్తున్నాం. అది పైసా ఖర్చు లేనిదే, కానీ నాకు ముఖ్యం అది కాదు. రేపు దాన్ని తయారుచేసేవారు మానేసినా, మూలం ఉంది గనుక ఇంకొకరు అందుకోవచ్చు.

మరొక సంగతి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన పిల్లలు వదిలి వెళ్ళిన కంప్యూటర్లు చాలావరకు అవే. పారేయక ముందు లినక్స్ వేసి చూడండి. అయితే అన్నీ సాఫీగా నడుస్తాయని చెప్పను. జీవన్ ప్రమాణ్‌కు వేలిముద్ర పరికరం వాడేవారు అది పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలి. ఫోనులో ముఖం చూపించి ఇచ్చేవారికి ఆ బాధ లేదు.

వచ్చే రెండో శనివారం ఇక్కడే ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి లినక్స్ వేసి చూపిస్తారు. కంప్యూటరు తెచ్చేవారు తమ ఫైళ్ళు, ఫోటోలు ముందుగా పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకుని మరీ రావాలని కోరుతున్నాను. సెలవు.