రోడ్డునకు పైకప్పు

పట్టణములలో గాని పల్లెలలో గాని రోడ్డుపని జరుగుచున్నచోట తప్పక వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు. "మా వీథి నిండ గుంతలే. ప్రక్క వీథి ఇంకను నున్నగానే యున్నది. అయినను తారు ప్రక్క వీథికే పోయుచున్నారు. ఇది యెక్కడి న్యాయము?" అని. అడుగువారియందు తప్పేమియు లేదు. ప్రతిదినము గుంతలలో సైకిలు నడుపుకొనువానికి, వాన కురిసిన రాత్రి మోటారు సైకిలుపై ఇల్లు చేరవలసినవానికి అట్లు తోచుట సహజము. అయితే, ఆ తారు వ్యర్థమని తీర్పు చెప్పుటకు ముందు తారురోడ్డు దేనివలన నిలుచునో, దేనివలన చెడునో కొంచెము విచారించుట మంచిది. ఈనాటి ప్రసంగమునకు విషయము అదియే.

తారురోడ్డును చూచినపుడు బండ్ల బరువును మోయునది ఆ నల్లని పొరయే యని మనకు తోచును. నిజమునకు అట్లు కాదు. మన గ్రామపు రోడ్లపై వేయు తారుపొర మందము సాధారణముగా 20 మిల్లీమీటర్లు. అనగా ఒక అంగుళమునకు లోపే. దాని క్రింద రోలరుతో అణగద్రొక్కిన కంకర వరుసలు, వాని క్రింద గ్రావెలు, అన్నిటికి అడుగున నేల. చక్రము క్రింద ఒక్కచోట పడిన బరువు కంకరలోనికి, కంకరనుండి నేలలోనికి దిగుచు, దిగినకొలది విస్తరించి పలుచబడును. తుదకు దానిని భరించునది నేలయే. స్కాట్లండు దేశస్థుడగు జాన్ లౌడన్ మెకాడము 1816లో బ్రిస్టల్ ప్రాంతపు రోడ్లకు పర్యవేక్షకుడై, ఈ సంగతిని లోకమునకు చాటిచెప్పెను. నేలను పొడిగా నుంచగలిగినచో ఆ నేలయే బండ్లను మోయుననునది ఆయన సిద్ధాంతము. ఆయన రోడ్లపై తారు లేదు. చిన్నచిన్న కంకరను నడుమ కొంచెము మిట్టగా, ఇరుప్రక్కల వాలుగా పరచి, వాననీరు నిలువక జారిపోవునట్లు చేసెను. కంకర వరుసకు నేటికిని మన ఇంజనీర్లు ఆయన పేరే వాడుచున్నారు.

కావున తారుపొర పని ఇంటిలో దూలముల పని వంటిది కాదు. పైకప్పు పని వంటిది. క్రిందనున్నదానిని తడవకుండ కాపాడుటయే దాని ముఖ్యధర్మము. ఈ ఒక్క మాట మనస్సునకు పట్టినచో తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

ఈ పైకప్పు ఎట్లు పాతబడునో చూతము. వాడుకలో తారు అని పిలుచుచున్నను, నేడు రోడ్లకు వాడునది బొగ్గునుండి దిగిన తారు కాదు. ముడి పెట్రోలియమును శుద్ధిచేయగా చివరకు మిగులు బిటుమెన్ అను పదార్థము. క్రొత్తదిగా నున్నపుడు దానికి జిగియు, సాగు గుణమును ఉండును. మన ఎండలకు, గాలిలోని ఆమ్లజనికి ఏండ్లతరబడి గురియగుటచే ఆ గుణము క్రమముగా నశించి, ఎండలో పారవేసిన రబ్బరు పట్టీవలె అది పెళుసుబారును. మొదట నలుపు పోయి బూడిద రంగునకు తిరుగును. పిదప సన్నకంకర పలుకులు ఊడి రోడ్డు అంచులకు చేరును. ఆపై వెండ్రుకవంటి చీలికలు పొడసూపును. ఈ దశలో రోడ్డుపై పోవువారికి ఇబ్బంది యేమియు ఉండదు. బండి కుదుపు లేకుండ పోవుచునే యుండును. అందుచేతనే ఎవ్వరును దానిని లెక్కచేయరు.

అటుపిమ్మట వానకాలము వచ్చును. చీలికలలోనుండి నీరు కంకరలోనికి, నేలలోనికి దిగును. నల్లరేగడి ప్రాంతములలో ఆ నేల నీరు త్రాగి ఉబ్బి మెత్తనగును. వేసవిలో ఎండి నెఱ్ఱెలు విచ్చును. కృష్ణా గోదావరి డెల్టాలలో ఒకవైపు కాలువ, మఱియొకవైపు వరిచేను ఉండగా పైనుండి దిగిన నీటికి ప్రక్కనుండి ఊరు నీరు తోడగును. ఇట్లు తడిసిన నేలపై చక్రము దొర్లిన ప్రతిమారును లోపలి నీరు నొక్కబడి, సన్నని మన్నును వెంటగొని చీలికలగుండ పైకి చిమ్మును. వాన వెలిసిన పిదప తారుమీద చీలికల చుట్టు మట్టిమరకలు కనిపించినచో, రోడ్డు కడుపులోని మన్ను బయటికి వచ్చుచున్నదని గ్రహింపవలెను. మన్ను పోయినచోట బోలు ఏర్పడును. బోలుపైనున్న తారు కుంగి పగులును. పగిలిన పెంకును చక్రము ఎగురగొట్టును. మనము గుంత యని పిలుచునది ఈ కథలో చివరి అధ్యాయము మాత్రమే.

బరువు సంగతియు ఇందు చేరును. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 1958 మొదలు 1960 వరకు ప్రత్యేకముగా రోడ్లు నిర్మించి, వానిపై రాత్రింబవళ్లు లారీలు నడిపి ఒక పెద్ద పరీక్ష చేసిరి. ఇరుసుపై బరువు రెట్టింపైనచో రోడ్డునకు కలుగు హాని రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లని అందు తేలినది. ఇట్లుండగా, తడిసిన నేలపై అధికభారముతో పోవు ఇసుక లారీ ఏమి చేయునో వేరుగా చెప్పనక్కరలేదు.

రోడ్డు చెడుట ఒకే వేగముతో జరుగదు. మొదటి కొన్ని యేండ్లు బహు నెమ్మదిగా జరుగును. పైకప్పు చిల్లుపడి నీరు దిగుట మొదలైన తరువాత, కొండనుండి దొర్లిన రాయివలె వేగముగా జరుగును. నున్నని రోడ్డు బూడిదరంగు రోడ్డగుటకు నాలుగైదేండ్లు పట్టవచ్చును. ఆ బూడిదరంగు రోడ్డు గుంతల రోడ్డగుటకు ఒకటి రెండు వానకాలములు చాలును. అందుచేత పైపొర వేయుటకు తగిన అదను ఆ వంపునకు ముందే కలదు. అనగా, రోడ్డు చూపునకు బాగుగానున్నపుడే.

ఆ పని పెద్దది కాదు. పొర ఇంకను గట్టిగానుండి పెళుసుబారుట మాత్రమే మొదలైనచో, చీలికలను తారుతో పూడ్చి, పైన తారు చిమ్మి సన్నకంకర పరచి రోలరు త్రిప్పిన చాలును. కొంత అరిగియున్నచో, తారులో కలిపిన సన్నకంకరను పలుచని పొరగా పరచి, నీరు దిగకుండ పైన ముద్రపూత వేయుదురు. ఎండవానల తీవ్రతనుబట్టి, బండ్ల రాకపోకలనుబట్టి గ్రామపు రోడ్లకు సుమారు 5 ఏండ్లకొకమారు ఇట్టి పొర కావలసియుండును. పని సంక్రాంతి దాటిన పిదప, తొలకరికి ముందు ముగియవలెను. తడినేలపై పోసిన వేడితారు అంటుకొనదు. ఇదే రోడ్డును గుంతలు పడువరకు విడిచినచో కంకరను పెల్లగించి, నేలను సరిచేసి, మరల మొదటినుండి కట్టవలెను. దాని వ్యయము పైపొర వ్యయమునకు కొన్ని రెట్లగును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యన్న ఇదియే.

మన పెద్దలకు ఈ నీతి క్రొత్త కాదు. పెంకుటింటి యజమాని పెంకులు ఎప్పుడు సర్దించును? ఇల్లు కురియుట మొదలిడినపుడు కాదు. రోహిణికార్తెలో, ఎండ మండుచుండగా, ఇల్లంతయు పొడిగా నున్నపుడే. ఆ రోజున దారిని పోవువాడెవడైన "ఇల్లు బాగుగానే యున్నదిగదా, ఎందులకీ ఖర్చు?" అని యడిగినచో ఆ యజమాని నవ్వి యూరకుండును. వాసములు చివికినచో ఎంత ఖర్చగునో ఆయనకు తెలియును.

ఇక లెక్కకు వత్తము. ఒక చిన్న పురపాలక సంఘము క్రింద 50 కిలోమీటర్ల తారువీథులు ఉన్నవనుకొందము. 5 ఏండ్లకొకమారు పైపొర వేయవలెనన్న ఏటేట 10 కిలోమీటర్ల వంతు వచ్చును. నిధులు లేవని మూడేండ్లు ఆపినచో నాలుగవ యేట 40 కిలోమీటర్లు ఒక్కమారుగా మీద పడును. అంతమాత్రమే కాదు; మొదటి యేట ఆగిన 10 కిలోమీటర్లు ఇక పలుచని పొరకు లొంగు స్థితిలో నుండవు. ఉన్న డబ్బంతయు మిక్కిలి చెడిన వీథులకే వెచ్చించినచో, ఒక వీథి బాగుపడులోపల బాగుగానున్న మూడు నాలుగు వీథులు చెడినవాని వరుసలో చేరును. ఏటేట ఖర్చు పెరుగును; ఏటేట గుంతలును పెరుగును.

ఈ లెక్క యెంత పెద్దదో చూడుడు. 2019 మార్చి నాటికి మనదేశమున రోడ్ల పొడవు 63 లక్షల కిలోమీటర్లకు పైచిలుకు. అందు సుమారు 45 లక్షల కిలోమీటర్లు గ్రామీణ రోడ్లే. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వలన అంతకుముందు బురదదారి తప్ప మఱియొకటి యెరుగని వేల గ్రామములకు అన్ని ఋతువులందును నడువదగిన రోడ్లు ఏర్పడినవి. ఆ పథకమున ఒక మంచి నియమము గలదు: రోడ్డు వేసిన కంట్రాక్టరే 5 ఏండ్లవరకు దాని బాగోగులు చూడవలెను. ఆ గడువు తీరిన తరువాత ఆ భారము రాష్ట్రమువారిది. సరిగా పైపొర కావలసిన కాలమునకే ఈ చేతులమార్పు జరుగుచున్నదని గమనింపవలెను. క్రొత్తరోడ్డునకు శంకుస్థాపన యుండును, శిలాఫలకముండును, పూలదండలుండును. పాతరోడ్డుపై పలుచని పొరకు ఇవి యేవియు ఉండవు. చేసినందుకు మెప్పు లేదు. చేయనందుకు ఆ యేడు నింద లేదు. నింద వచ్చునది మూడవ యేట. అప్పటికి మార్గము మూసుకొనిపోవును.

ఇంత చెప్పినంతమాత్రమున గుంతల వీథివారి మొర త్రోసివేయదగినదని కాదు. 2022వ సంవత్సరమున మనదేశమున రోడ్ల గుంతల కారణముగా జరిగిన ప్రమాదములలో 1,856 మంది ప్రాణములు కోల్పోయిరని కేంద్రప్రభుత్వ రవాణాశాఖ నివేదికలో కలదు. పైపొర వరుస ఏదైనను గుంతను మాత్రము వెంటనే పూడ్చవలెను, సరిగా పూడ్చవలెను. చుట్టు వదులైన తారును నిలువుగా కోసి, మట్టియు నీరును తీసివేసి, అడుగునకు అంచులకు తారు పూసి, తారుకంకర నింపి గట్టిగా దిమ్మిస కొట్టుట సరియైన పద్ధతి. గంపెడు మట్టియు నాలుగు రాళ్లును పోసిపోవుట పూడ్చుట కాదు. తరువాతి వానకు అవి గుంతను మఱింత పెద్దది చేయును. నేలయే కుంగిపోయిన వీథిపై పలుచని తారు పూయుటయు అట్టిదే. వాసములు చివికిన కప్పుపై క్రొత్త పెంకులు పరచినట్లు అది ఒక వానకాలమునకు మించి నిలువదు. అట్టి వీథిని మొదటినుండి కట్టవలెను. దానికి వేరుగా నిధులు చూపవలెను గాని, పైపొరల డబ్బును దానికి మళ్లింపరాదు.

మఱియొక చిక్కును గూడ చెప్పవలెను. ఇండ్ల నడుమనున్న వీథులలో పొరమీద పొర వేయుచు పోయినచో వీథి మట్టము పెరిగి, గడపలు పల్లమై, వాననీరు ఇండ్లలోనికి వచ్చును. ఎందరో గృహస్థులు ఈ బాధ పడుచున్నారు. దీనికి విరుగుడు పొర మానుట కాదు. పాతపొరను యంత్రముతో గీకి తీసి, అంతే మందముగల క్రొత్తపొర వేయుట. గీకిన కంకర మరల పనికివచ్చును. మీ వీథికి తారుపని వచ్చినపుడు మట్టము పెంచుచున్నారా యని అడుగుట మీ హక్కు. అట్లే మంచినీటి గొట్టములు, మురుగు గొట్టములు వేయవలసినవి ఏవైన మిగిలియున్నవా యనియు ముందుగా అడుగుడు. తారు పోసిన నెలకే గొట్టముకొరకు త్రవ్విన కందకము, క్రొత్త కప్పునకు మనము చేజేతుల పెట్టిన చిల్లు.

మన చేతిలోని పనులు మఱికొన్ని కలవు. ఇంటి ముందు అరుగుకొరకో మెట్టుకొరకో ప్రక్కకాలువను పూడ్చినచో వాననీరు రోడ్డుపై నిలుచును. పెండ్లిపందిరికి, పండుగ పందిరికి తారులో గుంజలు పాతినచో ఆ గుంటలే మరుసటి యేటి గుంతలు. దమ్ము చేయు ట్రాక్టరును ఇనుప చక్రములతోనే తారురోడ్డుపై నడిపినచో 5 ఏండ్లు నిలువవలసిన పొర చాళ్లు పడి చీలును; చక్రములు మార్చుకొని పోవుటకు పట్టునది కొంత సమయము మాత్రమే.

కాబట్టి, ఈ వేసవిలో నున్నని వీథిపై తారు పోయుచుండగా చూచినచో వెంటనే దుబారా యనక, మూడు ప్రశ్నలు వేయుడు: ఈ వీథికి పైపొర వేసి ఎన్నేండ్లయినది? మా వీథి వంతు ఏ యేట? మా వీథి గుంతలు ఈ లోపల ఎవరు, ఎప్పుడు పూడ్చుదురు? ఈ మూడింటికి సమాధానము వ్రాసియుంచుకొన్న పురపాలక సంఘము గాని, పంచాయతీ గాని తన రోడ్లను కాపాడుకొనగలదు. వీథుల పట్టిక, చివరి పొర వేసిన సంవత్సరము, తరువాతి వంతు సంవత్సరము. ఇంతకు మించి ఆ లెక్కలో నుండవలసినదేమియు లేదు. ఆ పట్టికను కార్యాలయపు గోడపై అందరు చూచునట్లు పెట్టించుకొనుట మాత్రము మనవంతు.